తాడు మీద వదిలిన చోటు

మా తోడికోడలంటే నాకు కడుపుమంట. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే చదివేవాళ్ళు నన్ను చాలా మంచిదాన్నని అనుకునే ప్రమాదం ఉంది. ఆమె మొగుడు చైనా యుద్ధంలో పోయాడు. నా మొగుడు అదే యుద్ధం నుంచి తిరిగి వచ్చాడు. అయినా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది నేనే. మొగుడున్న ఆడది మొగుడు పోయిన ఆడదాన్ని చూసి కుళ్ళుకోవడం ఎక్కడా వినలేదని మా అమ్మ నన్ను ఛీ కొట్టింది. అమ్మకేం తెలుసు, ఆ పాళెంలో కాపురం చేసింది నేను గదా.

మైపాడు నుంచి ఉత్తరంగా ఇసకలో నడిచిపోతే మా పాళెం వస్తుంది. నేను పులికాట్ సరస్సు గట్టున పుట్టిన దాన్ని. మా పుట్టింటివాళ్ళదీ చేపల బతుకే గానీ అక్కడ నీళ్ళు మోకాలి లోతున నిదానంగా ఉంటాయి. పెళ్ళై వచ్చిన కొత్తలో సముద్రపు హోరుకు నాకు నిద్రపట్టేది కాదు. అది తెలిసి పాళెం ఆడవాళ్ళు నాకు నిలవనీళ్ళ పిల్ల అని పేరు పెట్టారు. ఆ పేరు మొదట అన్నది మా తోడికోడలే. ఆమె ఆ పాళెంలోనే పుట్టింది, పెద్దకాపుకు మేనకోడలు. పెద్దకాపు అంటే మా పాళెం పెద్ద, వల ఎప్పుడు వేయాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో, తగువు వస్తే ఎవరిది తప్పో ఆయనే చెప్పాలి. అటువంటి మేనమామ ఉన్న మనిషి ఎట్లా నడుస్తుందో అట్లాగే నడిచేది. మనిషి పొడుగు, గొంతు పెద్దది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. నోటితో మాత్రమే.

యాభైల చివర్లో ఒక ఏడు సముద్రం మమ్మల్ని బాగా ఎండగట్టింది. ఆ ఏడే మా బావగారూ మా ఆయనా, అన్నదమ్ములిద్దరూ మద్రాసు పోయి పట్టాళంలో చేరారు. అన్న ఎటు పోతే తమ్ముడు అటే. పోయేముందు నెల్లూరులో ఫొటో తీయించుకున్నారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని. తర్వాత చైనా వాళ్ళతో యుద్ధం వచ్చింది. మా బావగారు పోయినట్టు టెలిగ్రాము వచ్చింది, ఒళ్ళు రాలేదు. ఆ మంచుకొండల్లో ఎక్కడ ఉండిపోయాడో ఎవరికీ తెలియదు. మా ఆయన కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. చలికి వేళ్ళు నల్లబడిపోతే తీసేశారు. కుడిచేతికి బొటనవేలు మిగిలింది, ఎడమచేతికి మొదళ్ళు మిగిలాయి. బస్సు దిగి ఇసకలో నడుచుకుంటూ, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వచ్చాడు. ఎదురుపోయి నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. అన్న కోసం కూడా ఏడవలేదు. వదిన గుమ్మంలో చీకటి పడేదాకా కూర్చుని, లేచి వచ్చాడు.

ఇక్కడ మా పాళెం పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు అలివి వల ఉండేది. పడవలో తీసుకుపోయి సముద్రంలో వంపుగా దించి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెచ్చి, మగవాళ్ళందరూ రెండు వరుసలుగా నిలబడి లాగే పెద్ద వల అది. లాగడం మొదలయ్యాక ఎవరు ఎక్కడున్నా ఒకటే. కానీ తొలి పట్టు పట్టేటప్పుడు మాత్రం ఎవరి చోటు వాళ్ళది. తండ్రి నిలిచిన చోట కొడుకు నిలబడాలి. చోటు ఉన్నవాడికి వాటా, లేనివాడికి లేదు. వేరే పనికి ఎవడైనా ఊరు వదిలిపోతే వాడి చోటు ఇంకొకడికి ఇచ్చేస్తారు. సముద్రంలో పోయి ఒళ్ళు దొరకనివాడి చోటు మాత్రం ఎవరికీ ఇవ్వరు. పక్కవాళ్ళిద్దరూ నడుమ ఒక మనిషి పట్టేంత తాడు వదిలేసి పట్టుకుంటారు. ఆ ఇంటికి వాటా పోతూనే ఉంటుంది. కొడుకుంటే వాడు ఎదిగి వచ్చి ఆ చోట నిలబడతాడు. కొడుకు లేకపోతే పెళ్ళాం బతికినన్నాళ్ళూ ఆ చోటు అట్లాగే ఉంటుంది.

యుద్ధంలో మనిషి పోవడం మా పాళేనికి అదే మొదలు. ఏం చేయాలో పెద్దలకు తోచలేదు. చివరికి పెద్దకాపు తీర్పు చెప్పాడు. ఒళ్ళు రాలేదు కాబట్టి సముద్రంలో పోయినట్టే లెక్క అన్నాడు. పట్టాళానికి పోయినప్పుడు ఇంకొకరికి ఇచ్చేసిన చోటును వెనక్కు తీసుకుని, మా బావగారి పేరున ఖాళీ వదిలారు. మా తోడికోడలికి వాటా వెళ్ళింది. ఆమెకు ఉన్నది ఒక్క ఆడపిల్ల. అంటే ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ చోటు ఆమెదే.

అదే లెక్క మా ఆయనకూ వేశారు. పోయాడనుకున్న మనిషిని సముద్రం తిరిగి ఇస్తే గంగమ్మకు మొక్కు చెల్లించాలి. కొండల్లో నుంచి వచ్చినా మొక్కు మొక్కే అన్నారు. వేటపోతును కోసి, అమ్మవారికి చీర పెట్టి, పాళేనికంతా అన్నాలు పెట్టాము. ఆయన చోటు ఏదని నేను అడిగించాను. అది ఎప్పుడో ఇంకొకరికి పోయింది, ఆయన ఊరు వదిలిపోయినవాడు గదా అన్నారు. పైగా వేళ్ళు లేవు, తాడెట్లా పడతాడన్నారు. ఊరికే ఇంత వాటా ఇవ్వరాదా అని నేను నోరు తెరిచి అడిగితే పెద్దకాపు అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"పోయినోడికి పెడితే మర్యాద. బతికినోడికి ఊరికే పెడితే అది బిచ్చం. నీ మొగుడికి బిచ్చం కావాల్నా?"

 అందులో న్యాయం ఉందేమో కూడా. కానీ న్యాయం వేరు, మంట వేరు.

తిండికి మాకు లోటు లేదు, పింఛను వచ్చేది. నా బాధ అది కాదు. చేపల పాళెంలో కాపురం ఉండి నేను చేపలు కొనుక్కునేదాన్ని. అందరి గుమ్మాల ముందు బుట్టలు దిగుతుంటే మా గుమ్మం ముందు ఇసక తప్ప ఏమీ ఉండేది కాదు. తాళ్ళు ఒడ్డుకు వచ్చినప్పుడల్లా మా ఆయన దూరంగా, ఎండబెట్టిన వలల దగ్గర, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడేవాడు. తాడు మీద ఆ ఖాళీ కనిపిస్తూ ఉండేది. లేని మనిషికి చోటుంది, ఉన్న మనిషికి లేదు. వాటాలు పంచేటప్పుడు ముందు పోయేది మా తోడికోడలి బుట్టే. చందువలూ వంజరాలూ ఏరి వేసేవాళ్ళు. ఆ బుట్ట మా గుమ్మం ముందు నుంచే పోవాలి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, నా తోడికోడలు నవ్వను కూడా నవ్వేది కాదు. తలతిప్పి చూసేది కూడా కాదు. అది ఇంకా మండేది.

దానికి తోడు మా ఆయన రోజూ సాయంత్రం వదినగారింటికి పోయేవాడు. నీళ్ళున్నాయా, పొయ్యిలోకి కట్టెలున్నాయా అని అడిగి, ఆ పిల్లను భుజాన ఎక్కించుకుని ఒడ్డు దాకా తిప్పి తెచ్చేవాడు. నాకప్పటికి పిల్లల్లేరు. మా ఇంట్లో కట్టెలున్నాయో లేదో ఆయన ఎప్పుడైనా అడిగాడా అంటే, అడగలేదు. వాళ్ళిద్దరి మధ్య ఏదో ఉందని నేను అనుకోలేదు, అంత బుద్ధి తక్కువ దాన్ని కాదు. పోయిన అన్న ఆ ఇంట్లో ఉన్నాడని ఆయన పోతున్నాడు. బతికున్న పెళ్ళానికి ఆ అన్నతో పోటీ ఎట్లా? మనిషైతే తిట్టవచ్చు, లేనివాణ్ణి ఏం తిట్టేది?

ఒకసారి చేపలు ఎండబెట్టే చోట అందరి ముందూ అనేశాను. "అక్కా, ఖాళీకి కూడా ఆకలేస్తదా?" అన్నాను. అందరూ చేతులాపి చూశారు. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, మళ్ళీ వంగి చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. నోరు తెరిచి నాలుగు తిట్టి ఉంటే నా మంట సగం చల్లారేది. నా మాట సభ్యంగా లేదని తర్వాత చాలామంది చెప్పారు. అబద్ధమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పాకిస్తానుతో యుద్ధం అయిపోయిన తర్వాతి జనవరిలో, జెండా పండగకు, ప్రతి ఊళ్ళోనూ సైనికులను సత్కరించాలని ఇందుకూరుపేట బ్లాకు ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఒక ఆఫీసరు వస్తాడన్నారు. పాళేనికి పండగైంది. తాటాకు పందిరి వేశారు, బల్ల తెచ్చారు, ఉన్న రెండు కుర్చీలూ కడిగిపెట్టారు. నాకూ ఆశ పుట్టింది. తాడు మీద చోటు ఇవ్వకపోయినా పందిట్లో కుర్చీ ఇస్తారు గదా అనుకున్నాను. మా ఆయన యూనిఫారం ఉతికి, ఇస్త్రీకి బదులు చాప కింద పరిచిపెట్టాను.

పోయినాయన ఫొటో పెట్టి దండ వేయాలన్నారు. ఉన్న ఫొటో ఒక్కటే, అన్నదమ్ములిద్దరూ భుజాల మీద చేతులు వేసుకున్నది. పెద్దకాపు దాన్ని తెచ్చి, ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని మీద పెట్టి, బంతిపూల దండ వేయబోయాడు. నేను ఒక్క ఉరుకులో పోయి అడ్డం పడ్డాను. బతికున్న మనిషి ఫొటోకు దండ వేస్తారా, నా పసుపుకుంకుమలు మీకు బరువైనాయా అన్నాను. నిజమే గదా అని అందరూ నాలుక కరుచుకున్నారు. ఫొటో నడుమకు కత్తిరిద్దామని ఒకరన్నారు. అందుకు మా తోడికోడలు ఒప్పుకోలేదు, అన్నదమ్ములను కోసి విడదీస్తే ఊరుకోనంది. చివరికి ఎవరో తువ్వాలు తెచ్చి మా ఆయన ఉన్న సగాన్ని కప్పేశారు. మిగిలిన సగానికి దండ వేశారు. అందరికీ అది సబబుగానే తోచింది.

ఆఫీసరు జీపు ఇసకలో దిగబడిపోతే మగవాళ్ళు పోయి నెట్టుకొచ్చారు. ఆయన ఫొటో ముందు నిలబడి నమస్కారం చేసి, తువ్వాలు కింద ఎవరని అడిగాడు. పెద్దకాపు వెనక వరుసలో ఇసక మీద కూర్చున్న మా ఆయనను చూపించాడు. కుర్చీ ఒకటి ఫొటోకు పోయింది, ఇంకొకటి ఆఫీసరుకు పోయింది మరి. ముందుకు పిలిచి మెడలో ఒక చిన్న దండ వేశారు. ఆఫీసరు చెయ్యి చాచి, మా ఆయన చెయ్యి చూసి, చాచిన చేత్తోనే భుజం తట్టాడు. తర్వాత పోయినాయన త్యాగం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఊరంతా ఫొటోకు దండం పెట్టింది. మా ఆయన కూడా పెట్టాడు. తన మెడలో దండ తీసి ఆ ఫొటో మీదే వేశాడు. నేను ఆడవాళ్ళ మధ్య కూర్చుని తువ్వాలు వంకే చూస్తున్నాను. మా తోడికోడలు కూడా అటే చూస్తోంది. ఏం చూస్తోందో నాకు పట్టలేదు. ఆమెకు పెద్ద దండ వచ్చింది, నాకు తువ్వాలు వచ్చింది, అంతవరకే నా బుర్రకెక్కింది.

ఇంటికి వచ్చాక ఆయనను నిలదీశాను. ఆ ఖాళీ చోటు వదిలేస్తానని మీ వదిన ఒక్క మాట అంటే అది మనకొస్తుంది, అడుగు అన్నాను. ఆయన నా వంక చూడకుండా చెప్పాడు.

"అన్న చోట్లో నేను నిలబడితే అన్న పోయినట్టే గదే. ఆడ ఎవురూ లేకపోతే, ఎప్పుడో వస్తాడని ఉంటది."

అప్పుడు అర్థమైంది నాకు, ఈయన ఎందుకు ఏడవలేదో. జాలి పడాల్సింది. పడలేదు. మరి నేను ఎవరిని చూసి బతకాలి అని అడిగాను. ఆయన చొక్కా తగిలించి, ఎప్పటిలాగే వదినగారింటికి పోయాడు. ఆమెను నేనే పోయి అడగవచ్చు. పోలేదు. ఆమె ఇస్తే పుచ్చుకోవడం కంటే బుట్ట లేకుండా ఉండటమే మేలని పంతం పట్టాను.

ఆ ఏడు గంగమ్మ పండగ అయ్యాక మొదటి వల దించారు. పండగ తర్వాతి తొలి వలకు పాళెమంతా ఒడ్డుకు వస్తుంది, మొగుడు పోయిన ఆడవాళ్ళు తప్ప. వాళ్ళు తాడు దాపుకు రాకూడదు, అరిష్టం అంటారు. తాళ్ళు ఒడ్డుకు వచ్చాయి. మగవాళ్ళు వరుసలు కట్టారు. ఎప్పటిలాగే నడుమ ఒక మనిషంత తాడు వదిలి నిలబడ్డారు. మా ఆయన వలల దగ్గర తన చోట తాను ఉన్నాడు. పెద్దకాపు కొబ్బరికాయ కొట్టబోతుంటే వెనక గుంపు చీలింది. మా తోడికోడలు నడిచి వచ్చింది. వచ్చి తాడు పక్కనే నిలబడింది.  పెద్దకాపు చేతిలో కొబ్బరికాయ చేతిలోనే ఉండిపోయింది.

"మామా, బతికుండేవోణ్ణి తువ్వాలు కింద దాచినాము. లేనోడికి తాడిస్తా ఉండాము. ఇదేం మర్యాదో నాకు తెలవలా. ఆ చోటు నేను వదిలేసినా" అంది.

వదిలేస్తే ఆమెకు వాటా పోతుందని పెద్దకాపు చెప్పాడు. తెలుసు అంది. ఆడపిల్ల ఉంది, ఆలోచించుకోమన్నాడు. ఆమె అది విననట్టే మా ఆయన వైపు తిరిగింది.

"రా అబ్బయ్యా, నిలబడు."

ఆయన కదల్లేదు. "అన్న చోటు వదినా. నా వల్ల కాదు" అన్నాడు.

"మీ అన్న చోటనే రమ్మంటా ఉండా. ఇంకెవురికన్నా ఇస్తానా? రాడు అబ్బయ్యా. మీ అన్న ఇంక రాడు. నేను చూసి చూసి చెప్తా ఉండా."

ఆ మాట ఆమె మామూలుగానే అంది, పొయ్యి ఆరిపోయిందని చెప్పినట్టు. ఆయన చేతులు చంకల్లో నుంచి తీసి ఆమెకు చూపించాడు. చేతుల్లేకపోతే భుజం లేదా అని కసిరింది. ఆయన నడిచి వచ్చాడు. పక్కవాడు తాడెత్తి ఆయన భుజం మీద వేశాడు. ముంజేతికి ఒక చుట్టు చుట్టుకుని ఆ ఖాళీలో నిలబడ్డాడు. కొబ్బరికాయ పగిలింది. హైలెస్సా అని వరుస వెనక్కు వాలింది, దానితో పాటు ఆయనా వాలాడు. అప్పుడు ఏడుపు వచ్చింది ఆయనకు. గొంతెత్తి, చిన్నపిల్లవాడిలా, లాగుతూనే ఏడ్చాడు. పక్కవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అట్లాగే లాగారు. మా తోడికోడలు ఆ ఏడుపు ఆగేదాకా అక్కడే నిలబడి, తర్వాత వచ్చిన దారినే పోయింది.

నేను కోరుకున్నది జరిగింది. ఇన్నేళ్ళుగా దేనికోసం కుమిలిపోయానో అది నా కళ్ళ ముందు జరిగింది. సంతోషించానని రాయవచ్చు. లోపలి మాట చెప్పాలంటే, అంత మంట నాకు అంతకు ముందు ఎప్పుడూ పుట్టలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నేను ఆయనను పట్టుకుని ఏడిస్తే కళ్ళు తడి కాలేదే, ఆమె ఒక్క మాట అంటే ఊరందరి ముందూ ఏడ్చాడే! నా మొగుడికి చోటు నేను తేలేదు, ఆమె తెచ్చింది. ఇవ్వడానికి కూడా ఆమె దగ్గరే ఉంది. నా దగ్గర ఏముంది? అడగడం తప్ప నాకు ఏం చేతనయింది?

మధ్యాహ్నానికి బుట్ట మా గుమ్మంలో దిగింది. కానాగంతలు, పైన రెండు పెద్ద చందువలు. సగం ఆమెకు తీసుకుపోవాలని నేనే అనుకున్నాను, నిజంగా అనుకున్నాను. చేట తీసేలోపల ఆయన వాకిట్లో నుంచి, సగం వదినకు ఇచ్చిరా అన్నాడు. అంతటితో అది నేను ఇచ్చేది కాకుండా పోయింది.

చేట తీసుకుని పోయాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది, చింతపండు పిసికి పెట్టుకుంది. నేను తెస్తానని ఆమెకు తెలుసు. అది కూడా తెలుసు. చేట అందుకుని, చేపలు చూడకుండా, ఆయన భుజం ఎట్లా ఉందని అడిగింది.  భుజం సంగతి నేను చూడనే లేదు. ఏడుపు చూశాను, బుట్ట చూశాను, ఆమెను చూశాను.

ఆమె పొయ్యి పక్క నుంచి చిన్న గిన్నె తీసి నా ముందు పెట్టింది. పసుపు వేసి కాచిన నూనె.

"పట్టుకపో. తాడు లాగినోడి భుజానికి రాసే పని నాకింక లేదు" అంది.

 మా ఇంట్లో నూనె ఉందక్కా అన్నాను. ఆమె బలవంతం చేయలేదు, గిన్నె మళ్ళీ పక్కన పెట్టుకుని పొయ్యిలో పుల్ల ఎగదోసింది. నేను గబగబా ఇంటికి వచ్చాను. ఆయనను కూర్చోబెట్టి చొక్కా విప్పబోతే రాలేదు. చర్మం లేచిపోయి, గుడ్డ అంటుకుపోయి ఉంది. నీళ్ళతో తడిపి మెల్లగా ఊడదీశాను. నెప్పేమీ లేదులే అన్నాడు. నూనె వెచ్చబెట్టి పసుపు కలిపాను. భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్ళు కాలుతోంది. మెల్లగానే రాద్దామనుకున్నాను గానీ, చెయ్యి నా మాట వినలేదు, కాస్త గట్టిగానే పడింది.

అబ్బా అన్నాడు ఆయన.

ఏడుపు ఆమె తీసుకుంది. ఆ అబ్బా నాది.